హిరణ్యకశిపుడి తరఫున వకాల్తా

మనవాళ్ళకొక అలవాటుంది. కాస్త అధికారం దొరికి ఎవడికైనా కళ్ళు నెత్తికెక్కితే చాలు, "వీడో హిరణ్యకశిపుడురా" అనేస్తారు. అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు లిఫ్టు పక్కన తన ఫొటో పెట్టించుకున్నా అదే మాట. ఎక్కడో ఒక దేశాధ్యక్షుడు జనవరి నెలకు తన పేరు పెట్టుకున్నా అదే మాట. తరతరాలుగా సాగుతున్న ఈ పరువు నష్టం మీద ఇంతవరకు ఒక్కరూ కేసు వేయలేదు. వేయాల్సిన మనిషి గడప మీద పేగులు బయటపడి పోయాడు. వారసులంతా అవతలి పార్టీలో చేరిపోయారు.

అందుకని ఆ వకాల్తా నేనే పుచ్చుకున్నాను. ఫీజు మీద ఆశ లేదు. క్లయింటు ఆస్తి మొత్తం మునిమనవడు బలి ఎవరికో మూడడుగులు ధారపోసి పోగొట్టాడని పురాణాలే చెబుతున్నాయి. ధర్మాసనం మీద కూర్చున్నది మీరే, పాఠక మహాశయులారా. వాదన ఆలకించండి.

ప్రతివాది పేరు సపర్‌మురాత్ నియాజోవ్. మధ్య ఆసియాలోని తుర్క్‌మెనిస్తాన్‌ను 1985 చివరి నుంచి 2006 డిసెంబరులో గుండె ఆగేదాకా, అంటే 21 ఏళ్ళు ఏలినవాడు. తుర్క్‌మెన్లందరికీ పెద్దదిక్కునంటూ 1993 నుంచి 'తుర్క్‌మెన్‌బాషీ' అని పిలిపించుకున్నాడు. ఆయన సంగతి వచ్చినప్పుడల్లా మన చదువుకున్నవాళ్ళు ఠక్కున నా క్లయింటును పక్కన నిలబెడతారు. పోలిక వినడానికి బాగానే ఉంటుంది. ఇద్దరూ తమ పేరే జపించమన్నారు. ఇద్దరూ బడిపిల్లల నోళ్ళ దగ్గరే మొదలుపెట్టారు. ఇద్దరూ చావును వాయిదా వేయించుకోవాలని చూశారు. ఇంతవరకు ఒప్పుకుంటాను. ఆపైన వివరాల్లోకి దిగితే, నిరంకుశత్వంలో నా క్లయింటు ఆయన కాలిగోటికి సరిపోడు. అదే నా కేసు.

ముందు అధికారం ఎలా వచ్చిందో చూడండి. నా క్లయింటు తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. పగబట్టి మందరగిరికి పోయి కాలి బొటనవేలి మీద నిలబడి తపస్సు చేశాడు. చుట్టూ పుట్టలు లేచాయి, చీమలు ఒంట్లో కండ తినేశాయి, ఎముకలు మిగిలాయి. చెడ్డవాడు కావడానికి కూడా అంత కష్టపడ్డాడు. ప్రతివాది ఏం చేశాడు? పత్తి దిగుబడి లెక్కల కుంభకోణంలో పాత పార్టీ కార్యదర్శి కుర్చీ ఖాళీ అయింది. మాస్కోలో గోర్బచేవ్ నోరు మెదపని మనిషి కోసం చూశాడు. ఈయన దొరికాడు. ఆరేళ్ళకు సోవియట్ యూనియనే కూలిపోతే, అదే మనిషి అదే కుర్చీలో జెండా ఒక్కటి మార్చుకుని కూర్చున్నాడు. ఒక్క చీమా కుట్టలేదు.

ఇక వరాలు. నా క్లయింటుకు వరమిచ్చింది ఒక్క బ్రహ్మ. ప్రతివాదికి దేశం మొత్తం ఇచ్చింది. 1990లో పోటీ లేని ఎన్నికలో 98 శాతానికి పైగా. 1992లో మళ్ళీ పోటీ లేకుండా 99.5 శాతం. 1994లో ఎన్నిక కూడా దండగనిపించి, 2002 దాకా పదవి పొడిగిస్తూ రెఫరెండం పెడితే 99.9 శాతం. 1992లో ఆ అర శాతం ఎవరై ఉంటారా అని నాకెప్పుడూ అనుమానమే. లెక్కపెట్టినవాళ్ళు మొహమాటానికి వదిలిపెట్టిన చిల్లర కావచ్చు. 1999 డిసెంబరులో ఆ చిల్లర బాధ కూడా తీరింది. ప్రతినిధుల సభ ఆయన్ను యావజ్జీవ అధ్యక్షుణ్ణి చేసేసింది. బ్రహ్మకు ఆలోచించుకోవడానికి నాలుగు తలలున్నాయి. ఆ సభకున్నవి చేతులే, చప్పట్లు కొట్టడానికి.

పేరు జపించమనడం దగ్గరికి వద్దాం. అవును, హరి పేరు ఎత్తొద్దన్నాడు నా క్లయింటు. యజ్ఞాల్లో హవిస్సులన్నీ తనకే అన్నాడు. దిక్పాలకుల చేత ఊడిగం చేయించుకున్నాడు. కానీ మహాశయులారా, చైత్రాన్ని ముట్టుకున్నాడా? వైశాఖానికి భార్య లీలావతి పేరు పెట్టాడా? మూడు లోకాలూ గుప్పిట్లో ఉన్నా పంచాంగం జోలికి పోలేదు. 2002లో ప్రతివాది పన్నెండు నెలల పేర్లూ మార్చాడు. జనవరికి తన బిరుదు. సెప్టెంబరుకు తాను రాసిన పుస్తకం పేరు. ఏప్రిల్‌కు తన తల్లి గుర్బన్‌సొల్తాన్ పేరు. వారాలను కూడా వదల్లేదు.

ఆ తల్లి దగ్గర నేనూ ఒక్క క్షణం వాదన ఆపుతాను. 1948 అక్టోబరులో రాజధాని అష్గాబాత్‌లో వచ్చిన భూకంపంలో ఆమె పోయింది, అన్నదమ్ములూ పోయారు. తండ్రి అంతకు ముందే యుద్ధంలో పోయాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు అనాథాశ్రమం పాలయ్యాడు. ఆ దుఃఖం నిజం, దాన్ని చూసి నవ్వే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ రాత్రి ఆ నగరంలో వేలాది ఇళ్ళలో తల్లులు పోయారు. ఏప్రిల్ ఒక్క తల్లికే దక్కింది.

విగ్రహం సంగతి చెప్పకపోతే కేసు పూర్తికాదు. 1998లో రాజధాని నడిబొడ్డున 75 మీటర్ల కట్టడం లేపి, దాని కొన మీద 12 మీటర్ల బంగారు పూత విగ్రహం నిలబెట్టుకున్నాడు. అది పొద్దున్నుంచి సాయంత్రం దాకా సూర్యుడి వైపు ముఖం పెట్టి తిరుగుతూ ఉండేది. నా క్లయింటు హయాంలో సూర్యుడు ఆయన చెప్పినట్టు నడిచాడంటారు. ప్రతివాది సూర్యుణ్ణి తిప్పలేక తానే తిరిగాడు. ఈ ఒక్క విషయంలో వినయం ఆయనదేనని కోర్టువారి ముందు ఒప్పుకుంటున్నాను. కాకపోతే కింద నిలబడి చూసేవాళ్ళకు సూర్యుడే విగ్రహం వెంట తిరుగుతున్నట్టు కనబడాలన్నదే అసలు ప్లాను అయివుంటుంది. ఇంతా చేసి విదేశీ విలేకరులు అడిగితే ఏమనేవాడు? ఈ బొమ్మలంటే నాకు సరదా లేదు, జనమే కావాలంటున్నారు అనేవాడు. నా క్లయింటులో ఎన్ని దుర్గుణాలున్నా ఈ ముక్క మాత్రం అనలేదు. నన్ను కొలవండి, నాకు కావాలి అన్నాడు. దొంగ సిగ్గు పడలేదు.

ఇప్పుడు బడికి పోదాం. కేసుకు గుండెకాయ ఇక్కడే ఉంది.

ప్రహ్లాదుడి బడిలో పాఠ్యపుస్తకం ఎవరు రాశారు? నా క్లయింటు కాదు. శుక్రాచార్యుడి కొడుకులు చండుడూ అమర్కుడూ గురువులు. వాళ్ళు చెప్పింది నీతిశాస్త్రం, రాజనీతి, సామదానభేదదండోపాయాలు. ఆ కాలానికి అందరు రాజుల పిల్లలూ చదివిన చదువే. రాజు స్వహస్తాలతో రాసిన గ్రంథం ఒక్కటీ సిలబస్‌లో లేదు. నియాజోవ్ మాత్రం 2001లో 'రుహ్‌నామా' అని ఒక పుస్తకం విడుదల చేశాడు. కాస్త చరిత్ర, కాస్త వంశవృక్షం, కాస్త హితబోధ, మిగతాదంతా తానే. 2004లో రెండో భాగం. బడిలో అదే, యూనివర్సిటీలో అదే, సర్కారీ కొలువుకు అదే. డ్రైవింగ్ లైసెన్సుకు కూడా అందులో పరీక్ష పాసవ్వాలి. బ్రేకు ఎక్కడుందో తెలియకపోయినా ఫరవాలేదేమో గానీ, అధ్యక్షులవారి వంశం ఎక్కడ మొదలైందో తెలిసి తీరాలి. శనివారం ఆ పుస్తకం చదువుకోవడానికే కేటాయించాడు. రాజధానిలో దానికొక భారీ నమూనా కట్టించాడు. సాయంత్రమయ్యేసరికి అట్ట దానంతటదే తెరుచుకునేది. 2005లో రష్యన్ రాకెట్టులో ఒక ప్రతిని అంతరిక్షానికి పంపాడు. భూమ్మీద చదవనివాళ్ళు ఇంకా మిగిలారని కాదు, పైన మాత్రం ఎందుకు తప్పించుకోవాలని. 2006లో ఇంకో మెట్టెక్కి, ఎవరైతే మూడుసార్లు చదువుతారో వాళ్ళను స్వర్గానికి పంపమని దేవుణ్ణి అడిగానని ప్రకటించాడు. నా క్లయింటు స్వర్గాన్ని గెలిచి ఇంద్రుడి సింహాసనమెక్కినవాడు. ఆయన కూడా దానికి టికెట్లు అమ్మలేదు.

ఆ బంగారు పుస్తకం పదుల భాషల్లోకి వెళ్ళింది. చదవాలన్న ఉబలాటంతో ఎవరో అనువదించారనుకునేరు. ఆ దేశంలో కాంట్రాక్టులు కావాల్సిన విదేశీ కంపెనీలు సొంత ఖర్చుతో తర్జుమా చేయించి, అట్ట మీద మెరుపు కాగితం చుట్టి, ప్రభువు చేతిలో పెట్టి ఫొటో దిగేవి. దీని మీద ఫిన్లాండ్ దర్శకుడొకరు 2007లో డాక్యుమెంటరీయే తీశాడు. చండామర్కులకు రాజంటే ప్రాణభయం, వాళ్ళను క్షమించవచ్చు. ఈ సూటూబూటూ చండామర్కులకు ఏ భయం ఉంది? టెండరు పోతుందన్న భయమొక్కటే.

సొంతూరు కిప్చాక్‌లో కట్టించిన పెద్ద మసీదు 2004లో తెరిచారు. దాని గోడల మీద ఖురాన్ వాక్యాల సరసన రుహ్‌నామా వాక్యాలు చెక్కించాడు. ముస్లింలు అధికంగా ఉన్న దేశంలో, మసీదు గోడ మీద. ఇది ఎంతటి పనో తెలియాలంటే మన పోతన భాగవతాన్ని తలుచుకోండి. నా క్లయింటు హరిని ద్వేషించాడు, హరిభక్తుల్ని హింసించాడు. కానీ హరి పక్కన కుర్చీ వేసుకుని, "మేమిద్దరం కలిసే రాశాం" అనలేదు. శత్రుత్వంలో ఒక నిజాయితీ ఉంటుంది.

అక్కడా ఒక ప్రహ్లాదుడు లేకపోలేదు. చిన్నపిల్లవాడు కాడు. దేశపు ప్రధాన ముఫ్తీ, నస్రుల్లా ఇబ్న్ ఇబాదుల్లా. 2003లో పదవి ఊడింది. 2004 మార్చిలో తలుపులు మూసిన కోర్టులో 22 ఏళ్ళ జైలు పడింది. కాగితం మీద నేరం దేశద్రోహం, అధ్యక్షుడి మీద కుట్ర. బయట చెప్పుకున్న కారణం వేరు. మసీదుల్లో ఖురాన్‌తో సమానంగా రుహ్‌నామాను నిలబెట్టడానికి ఆయన ఒప్పుకోలేదని. ఏ స్తంభమూ పగల్లేదు. ప్రభువు పోయాక, 2007 ఆగస్టులో కొత్త ప్రభువు క్షమాభిక్షతో బయటికొచ్చాడు.

నా క్లయింటు కొడుకును ఏం చేశాడంటారా? చేశాడు. కొండ మీంచి తోయించాడు, ఏనుగులతో తొక్కించాడు, పాములతో కరిపించాడు, నిప్పుల్లో వేయించాడు, సముద్రంలో పడేయించాడు. ఇందులో ఏదీ నేను సమర్థించను. వకీలునైనా నాకూ పిల్లలున్నారు. కానీ ఆ కథలో మనం పట్టించుకోని సంగతొకటి ఉంది. ప్రతిసారీ ముందు ఆ పిల్లవాణ్ణి పిలిచి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఏం నేర్చుకున్నావు నాయనా" అని అడిగాడు. పిల్లవాడు చెప్పాడు. నిండు సభలో, తండ్రి ముఖం మీద, ఆయనకు పరమ శత్రువైనవాడి గుణగణాలు ఏకరువు పెట్టాడు. రాజు విన్నాడు. ఉడికిపోయాడు, పళ్ళు కొరికాడు, కానీ ఆ వాక్యం పూర్తయ్యేదాకా విన్నాడు. గురువుల్ని నిలదీస్తే వాళ్ళు "మేం నేర్పింది కాదు మహాప్రభో" అన్నారు. నమ్మి వదిలేశాడు. అష్గాబాత్‌లో ఆ సంభాషణ ఊహించండి. టీవీ కెమెరాల ముందే మంత్రులు తలలు దించుకుని నిలబడి తిట్లు తిని, అక్కడికక్కడే పదవులు పోగొట్టుకునేవారు. ఎదురు చెప్పినవాడు ఒక్కడూ లేడు.

మరో సంగతి. నా క్లయింటు భటులు రాక్షసులే అయినా నిజం చెప్పేవాళ్ళు. "ఏనుగులు తొక్కలేదు ప్రభూ." "నిప్పు కాల్చలేదు ప్రభూ." "సముద్రం ముంచలేదు ప్రభూ." వరసగా ఇన్ని వైఫల్యాలు! ఒక్కడూ రిపోర్టు మార్చి "పని పూర్తయింది" అని రాయలేదు. ఆ రాజ్యంలో ఇంతకన్నా గొప్ప పాలనా సంస్కరణ ఏముంటుంది? తుర్క్‌మెనిస్తాన్‌లో గోధుమ పంట, పత్తి పంట లెక్కలు ఏటా కాగితం మీద రికార్డులు బద్దలు కొట్టేవి. ప్రాంతాల గవర్నర్లు లక్ష్యం అందుకున్నామని రాసి పంపడం, రొట్టెపిండి దొరక్క బజార్లో జనం వరస కట్టడం, నిజం తెలిశాక గవర్నరును పీకేయడం, కొత్తగా వచ్చినవాడు మళ్ళీ రికార్డు పంట పండించడం. అబద్ధం చెప్పకపోతే ఈ ఏడే ఉద్యోగం పోతుంది, చెబితే వచ్చే ఏడు పోతుంది. ఎవరైనా వచ్చే ఏడునే ఎంచుకుంటారు.

నియమనిబంధనల దగ్గర నా క్లయింటు మరీ తేలిపోతాడు. ఆయనకున్నది ఒకే నిషేధం. ప్రతివాదికి లెక్కలేదు. 1997లో గుండె ఆపరేషన్ అయ్యి తాను సిగరెట్ మానేశాడు, వెంటనే మంత్రులూ మానాలి, వీధుల్లో జనమూ మానాలి. ఒపెరా, బ్యాలే మన సంస్కృతి కాదని 2001లో రద్దు. కుర్రాళ్ళకు గడ్డాలు, పొడుగు జుట్టు రద్దు. టీవీలో వార్తలు చదివేవాళ్ళలో ఆడెవరో మగెవరో తెలియడం లేదని మేకప్ రద్దు. బంగారు పళ్ళు వద్దన్నాడు. చిన్నప్పుడు కుక్కలు ఎముకలు కొరికి పళ్ళు గట్టిపరుచుకోవడం చూశానని, మీరూ ఎముకలు కొరకండని యువతకు సలహా ఇచ్చాడు. తనది పన్నెండు మీటర్ల బంగారు శరీరం, జనానికి మాత్రం పావలా ఎత్తు బంగారం పంట్లో ఉండకూడదు. కొండల మీద కాంక్రీటు మెట్లదారి ఒకటి వేయించి, ఆరోగ్యం కోసం మంత్రులంతా ఏడాదికోసారి 37 కిలోమీటర్లు నడవాలన్నాడు. వాళ్ళు ఆయాసపడుతూ అవతలి కొసకు చేరేసరికి ఆయన హెలికాప్టర్ దిగి ఎదురుచూస్తూ ఉండేవాడు. నా క్లయింటు అయితే స్తంభాన్ని తన చేత్తో తానే కొట్టాడు. హెలికాప్టర్ పిలవలేదు.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, నేనూ అందుకే రాశాను. కానీ ప్రపంచం ఆయన్ను చూసి 21 ఏళ్ళూ ఇలాగే నవ్వింది. నెలల పేర్లూ తిరిగే విగ్రహమూ కథలు కథలుగా పత్రికల్లో వచ్చాయి. వాటి వెనక పేజీలో ఏముందో ఎవరికీ పట్టలేదు. విదూషకుడనుకుంటే వాడి చేతిలోని కత్తి కూడా అట్టకత్తే అనిపిస్తుంది కదా.

2004లో 15,000 మంది నర్సుల్ని, వైద్య సిబ్బందిని ఉద్యోగాల్లోంచి తీసేసి, వాళ్ళ చోట సైన్యంలో చేరిన కుర్రాళ్ళను నిలబెట్టాడు. 2005లో రాజధాని బయటి ఆస్పత్రులు మూసేయమన్నాడు. జబ్బు చేసినవాళ్ళు రాజధానికే రావచ్చు కదా అన్నది వాదన. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా ఆ దేశమంత ఉండదు, పైగా అందులో అధికభాగం ఎడారి. పల్లెల్లో గ్రంథాలయాలు మూయించాడు, పల్లెజనం చదవరని. బడి చదువు తొమ్మిదేళ్ళకు కుదించాడు. అలా చదివిన పిల్లల్ని బయటి యూనివర్సిటీలు చేర్చుకోవు, అంటే ఎవరూ బయటికి పోరు. 2006 జనవరిలో లక్ష మందికి పైగా ముసలివాళ్ళ పింఛన్లు ఆపేశాడు, మరెందరివో కోశాడు. అదే కాలంలో గ్యాస్ అమ్మిన డబ్బు బడ్జెట్‌కు అందకుండా ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఖాతాల్లో ఆయన చెప్పుచేతల్లో ఉందని గ్లోబల్ విట్‌నెస్ అనే సంస్థ 2006లో బయటపెట్టింది.

అయితే గ్యాస్, కరెంటు, నీళ్ళు, ఉప్పు జనానికి ఉచితం చేశాడు కదా అంటారు ప్రతివాది తరఫు వకీళ్ళు. నిజమే, 1993 నుంచి. అగ్గిపుల్లకు డబ్బు పెట్టాలి, గ్యాస్‌కు అక్కర్లేదు గనక జనం పొయ్యి ఆర్పేవారు కారని కూడా చెబుతారు. మరి నా క్లయింటు పాలన సంగతి చూసుకోండి. దున్నకుండానే భూమి పంటలిచ్చిందని, సముద్రాలు రత్నాలు తెచ్చి ఒడ్డున పోశాయని భాగవతం సప్తమ స్కంధంలోనే ఉంది. ఉచిత పథకాల్లో ఆయనే సీనియరు. అయినా వ్యాసుడూ పోతనా ఆ ఒక్క కారణంతో ఆయన్ను మంచివాడనలేదు. పంట బాగా పండిందని రాసి, ఆ పక్కనే లోకాలు తల్లడిల్లాయనీ రాశారు. ఉచితాన్నీ ఊపిరాడకపోవడాన్నీ ఒకే రాజ్యంలో పక్కపక్కన చూపించే తెలివి మన పురాణానికి ఉంది, ప్రపంచ దౌత్యవేత్తలకు లేకపోయింది. తుర్క్‌మెన్ గ్యాస్ నిల్వలు ప్రపంచంలో నాలుగో స్థానంలో ఉన్నాయంటారు. అంత గ్యాస్ ఉన్నవాడి ఇంట్లో వంట వాసన తప్ప ఎవరికీ ఇంకే వాసనా రాదు. మన దేశమూ ఏమీ మినహాయింపు కాదు. అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా మన దాకా ఆ గ్యాస్ తెచ్చుకోవాలని 2010లో అష్గాబాత్‌లో సంతకం పెట్టాం, 2015లో పనుల ప్రారంభానికి మన ఉపరాష్ట్రపతి వెళ్ళారు. ఇంకా రాలేదు.

చావు దగ్గర ఇద్దరికీ తేడా మరీ అన్యాయం. అన్ని షరతులూ రాయించుకున్న నా క్లయింటుకు ఒక్క సందు మిగిలింది. ఇంటా కాదు బయటా కాదు గడప, పగలూ కాదు రాత్రీ కాదు సంధ్య, నరుడూ కాదు మృగమూ కాదు నరసింహుడు. ఆ స్తంభం ఇదేనని మా అహోబిలంలో ఈనాటికీ ఉక్కు స్తంభం పేరుతో కొండకొమ్మును చూపిస్తారు. 1967 'భక్త ప్రహ్లాద'లో ఎస్వీ రంగారావు గద పట్టుకుని సభలోకి నడిచి వస్తే హాల్లో పిల్లలు ఊపిరి బిగబట్టేవారు. చివర్లో ఆయన పోతాడని అందరికీ తెలుసు. అందుకే ధైర్యంగా చూశారు. ప్రతివాది 2006 డిసెంబరు 21న గుండె ఆగి పోయాడు. మసీదు పక్కన సమాధిలో గౌరవంగా పడుకున్నాడు. గోళ్ళూ లేవు, గర్జనా లేదు.

ఆ రోజే ఇంకో తమాషా జరిగింది. రాజ్యాంగం ప్రకారం తాత్కాలిక అధ్యక్షుడు కావాల్సింది పార్లమెంటు స్పీకరు ఒవెజ్‌గెల్దీ అతాయెవ్. సరిగ్గా ఆ రోజే ఆయన మీద క్రిమినల్ కేసు ఉందని ప్రభుత్వానికి గుర్తొచ్చింది. కుర్చీలో గుర్బంగులి బెర్దిముహమెదోవ్ కూర్చున్నాడు. వృత్తికి పంటి డాక్టరు. నర్సుల్ని తీసేసి ఆస్పత్రులు మూసిన ఆ ఏళ్ళలో ఆరోగ్య శాఖ చూసిన మహానుభావుడు. 2008లో నెలలకు పాత పేర్లు తిరిగి వచ్చాయి. 2010లో తిరిగే విగ్రహాన్ని దించి ఊరి చివరికి తరలించారు, తిరగడం మానిపించారు. ప్రపంచం హమ్మయ్య అంది. 2015లో కొత్తాయన పాలరాతి కొండ మీద గుర్రమెక్కిన తన బంగారు పూత విగ్రహం పెట్టించుకున్నాడు. జనమే కోరారట. 2020లో తనకిష్టమైన అలబాయ్ జాతి కుక్కకు బంగారు విగ్రహం. 2022లో గద్దె మీద కొడుకు సెర్దార్. 2023లో తన బిరుదు 'అర్కదాగ్' పేరుతో ఏకంగా ఒక నగరం.

నా క్లయింటు తర్వాత గద్దెనెక్కిందీ కొడుకే. ఆ కొడుకు తండ్రి బతికుండగానే తండ్రితో విభేదించి, పాముల మధ్యా నిప్పుల మధ్యా ఆ మాట మార్చుకోనివాడు. వంశపారంపర్యం అన్న మాటకు పరువు దక్కింది ఆ ఒక్క ఇంట్లోనే. ఆ పిల్లవాణ్ణి కన్నది, పెంచింది, రోజూ పిలిచి "చెప్పు" అన్నది ఎవరు? ఈ పాయింటు కోర్టువారు నోట్ చేసుకోవాలి.

కనుక ప్రార్థన ఏమంటే, ఇకమీదట ఏ దేశపు అధ్యక్షుణ్ణీ, ఏ ఊరి నాయకుణ్ణీ నా క్లయింటుతో పోల్చేవాళ్ళు ముందు మూడు సంగతులు రుజువు చేయాలి. అతని సభలో ఎదురు చెప్పిన గొంతు ఒక్కటైనా వాక్యం పూర్తి చేసిందా? అతని భటులు ఒక్కసారైనా "ఇది జరగలేదు ప్రభూ" అన్నారా? అతను శిక్షించిన మనిషి ఎక్కడున్నాడో ఊరందరికీ తెలుసా? ప్రహ్లాదుణ్ణి ఏ కొండ మీంచి తోశారో, ఏ ఏనుగు ముందు పడేశారో, ఏ సముద్రంలో ముంచారో అన్నీ తెలుసు. తల్లి లీలావతికీ తెలుసు. ఆమె ఏడ్చింది, మొగుణ్ణి తిట్టింది, కొడుకు తిరిగొస్తే ఒళ్ళో పెట్టుకుంది.

ఒగుల్‌సపార్ మురాదోవా అనే రేడియో విలేకరిని 2006 జూన్‌లో పట్టుకున్నారు. ఆగస్టులో ఆరేళ్ళ శిక్ష వేశారు. సెప్టెంబరులో, అంటే అప్పటి వాళ్ళ క్యాలెండరు ప్రకారం రుహ్‌నామా నెలలో, శవాన్ని ఇంటివాళ్ళకు అప్పగించారు. ఆమె ఇంటివాళ్ళకు కనీసం శవం దొరికింది. 2002 నవంబరు 25న నియాజోవ్ కార్ల వరస మీద కాల్పులు జరిగాయన్న కేసులో మాజీ విదేశాంగ మంత్రి బోరిస్ షిఖ్‌మురాదోవ్‌ను పట్టుకుని, టీవీలో నేరం ఒప్పించి, వారం తిరక్కుండా యావజ్జీవ ఖైదు వేశారు. ఆ తర్వాత భార్యకూ పిల్లలకూ ఒక్క ఉత్తరం లేదు, ఒక్క ములాఖత్ లేదు. 2007 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కొత్త అధ్యక్షుణ్ణి ఆయన గురించి అడిగితే, బతికే ఉన్నాడని నమ్ముతున్నానన్నాడు. ఇంతవరకు ఎవరికీ చూపించలేదు.